ఫోను మనది, దాని మీద కన్ను ఎవరిది? (భాగం 7)



"మన దగ్గర దాచుకోడానికి ఏముంది? ప్రైవసీ అంతా ఉన్నోళ్ల గొడవ" అని మన వాడల్లోనే చాలామంది అంటుంటారు. దీనికి జవాబు కావాలంటే సెల్‌ఫోన్ పుట్టకముందుకు పోవాలి.

1947లో బాబాసాహెబ్ 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' రాశారు. అందులో ఆయన అడిగిన ప్రాథమిక హక్కుల్లో ఒకటి ఇది: మనిషి ఒంటి మీద, ఇంటి మీద, కాగితాల మీద, వస్తువుల మీద అన్యాయపు సోదాలు జరగకూడదు. రాజ్యాంగ సభ ఉపసంఘం ముసాయిదాలో ఈ రక్షణ చేరింది, ఉత్తరాల గోప్యత కూడా చేరింది. బి.ఎన్. రావు, మన నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ అభ్యంతరం చెప్పారు. చివరికి రెండూ రాజ్యాంగంలోకి రాలేదు.

ఆ హక్కు లేకపోతే దెబ్బ ఎవరికి? అర్ధరాత్రి పోలీసు తలుపు కొట్టేది దొర గడీకి కాదు కదా! 1871 నేరస్థ తెగల చట్టం కులాలకు కులాలనే రిజిస్టరులోకి ఎక్కించింది. స్టువర్టుపురం ఎరుకల బిడ్డల్ని అడగండి, పుట్టుకతోనే దొంగ అనిపించుకోవడం ఎట్లా ఉంటుందో చెప్తారు. 1952లో ఆ చట్టం పోయింది. హిస్టరీ షీట్లు పోలేదు. ఉత్తరప్రదేశ్‌లో సాక్ష్యాల్లేక విడుదలైన ఖరక్ సింగ్ ఇంటికి పోలీసులు రాత్రిళ్లు వచ్చేవాళ్లు. 1962లో సుప్రీంకోర్టు ఆ రాకపోకల్ని కొట్టేసింది కానీ, ప్రైవసీ అనే హక్కు రాజ్యాంగంలో లేదంది.

ఇక ఫోను సంగతి. ట్యాపింగ్‌కు చాలాకాలం ఆధారంగా ఉన్నది తెల్లవాడి 1885 టెలిగ్రాఫ్ చట్టం. ట్యాపింగ్ వివాదంలో 1988లో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేశారు. 1996లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు కొన్ని కట్టుబాట్లు పెట్టింది: హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి, దాన్ని కమిటీ సమీక్షించాలి. ఉత్తర్వు ఇచ్చేదీ అధికారులే, సమీక్షించేదీ అధికారులే. జడ్జి లేడు. 2017లో తొమ్మిది మంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కే అన్నారు. బాబాసాహెబ్ అడిగిన 70 ఏళ్లకు! అయినా 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టంలోనూ వినే అధికారం ప్రభుత్వం చేతిలోనే ఉంది.

కాగితం మీద హక్కు వచ్చింది. నేల మీద ఏం జరుగుతోంది? 2019లో పెగాసస్ గురి పెట్టినవాళ్లలో తానూ ఉన్నానని దళిత మేధావి ఆనంద్ తేల్తుంబ్డే చెప్పారు. 2021లో హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు జనాన్ని ఆపి, వాట్సాప్‌లో 'గంజాయి' అనే మాట కోసం వెతికిన వీడియోలు మనమంతా చూశాం. నాగపూర్, చండీగఢ్‌లో సఫాయి కార్మికుల చేతికి జీపీఎస్ వాచీలు కట్టారు. ఎక్కడ నిలబడ్డారో, ఎంతసేపు కూర్చున్నారో అన్నీ లెక్కే. వాళ్లను ఊడ్వమని పంపే ఆఫీసర్ల చేతికి అలాంటి వాచీ ఎవరు కట్టారు?

కాబట్టి ప్రైవసీ మన సమస్యే, అందరికంటే ముందు మన సమస్య. రేపు ఎవరైనా "ఫోన్ లాక్ తియ్" అంటే, ఏ చట్టం కింద, ఎవరి ఉత్తర్వుతో అని అడగండి. ఒక్కరే అడిగితే భయపెడతారు, పదిమంది కలిసి అడగండి.

తర్వాతి భాగంలో ఆధార్, రేషన్, వేలిముద్రల కథ.

జై భీమ్!