జిల్లా సాంస్కృతిక ప్రణాళిక: ఉమ్మడి వరంగల్ అనుభవం

జిల్లా ప్రణాళికలలో రహదారులకు, సాగునీటికి, విద్యుత్తుకు లభించే స్థానం కళలకు, చేతివృత్తులకు అరుదుగా లభిస్తుంది. ఇందుకు చట్టపరమైన అవరోధమేదీ లేదు. 73వ రాజ్యాంగ సవరణ (1992) ద్వారా చేర్చిన పదకొండవ షెడ్యూలులోని 29 అంశాలలో సాంస్కృతిక కార్యకలాపాలు 21వది. 74వ సవరణతో వచ్చిన 243 జెడ్‌డి అధికరణం గ్రామీణ, పట్టణ ప్రణాళికలను క్రోడీకరించే బాధ్యతను జిల్లా ప్రణాళికా సంఘానికి అప్పగించింది. అయినప్పటికీ సంస్కృతి పద్దు పలుచోట్ల ఉత్సవాలకు, సన్మానాలకే పరిమితమవుతున్నది.

దీర్ఘకాలిక ప్రణాళికలో ఎదురయ్యే చిక్కులకు ఉమ్మడి వరంగల్ జిల్లా తగిన ఉదాహరణ. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణకు పూర్వం చేర్యాల పటచిత్రం, పెంబర్తి లోహకళ, వరంగల్ కొత్తవాడ తివాచీలు, రామప్ప దేవాలయం, మేడారం జాతర ఒకే జిల్లాలో ఉండేవి. ప్రస్తుతం చేర్యాల సిద్దిపేట జిల్లాలోను, పెంబర్తి జనగామ జిల్లాలోను ఉన్నాయి. రామప్ప, మేడారం 2019 ఫిబ్రవరిలో ఏర్పడిన ములుగు జిల్లాలో చేరాయి. పాలనా సౌలభ్యం దృష్ట్యా జరిగిన ఈ విభజన వల్ల కళాకారుని పని మారలేదు. కానీ ఆ పనికి సంబంధించిన దస్త్రాలు వేర్వేరు కార్యాలయాలకు చేరాయి.

వీటిలో చేర్యాల పటచిత్రం విషయం ప్రత్యేకంగా పరిశీలించదగినది. ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపిన పూతలు పట్టించి, ఎర్రని నేపథ్యంపై కథను వరుస గళ్లలో చిత్రిస్తారు. నేడు గోడలను అలంకరిస్తున్న ఈ పటం వాస్తవానికి కథకుని పనిముట్టు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణాన్ని, మాదిగలకు డక్కలివారు జాంబ పురాణాన్ని, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథను పటం చూపుతూ వినిపించేవారు. పటం వేయించుకొనేది కథకుడు. అతనిని పోషించేది దాతకులం. ఆ ఇద్దరిపై ఆధారపడినవాడు నకాషీ చిత్రకారుడు. సినిమా, టెలివిజన్ల వ్యాప్తితో కథకునికి ఆదరణ సన్నగిల్లగా, చిత్రకారులు చిన్న పటాలు, రంపపు పొట్టుతో చేసే మాస్కులు, గృహాలంకరణ వస్తువుల వైపు మళ్లారు. భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఈ విధంగా చిత్రకారునికి కొత్త కొనుగోలుదారు దొరికాడు గాని కథకునికి దొరకలేదు. హస్తకళలు పరిశ్రమల శాఖ పరిధిలోకి, ప్రదర్శన కళలు భాషా సాంస్కృతిక శాఖ పరిధిలోకి వస్తాయి గనుక, ఒకే సంప్రదాయానికి చెందిన ఈ ఇద్దరి అవసరాలను కలిపి చూసే అధికారి జిల్లా స్థాయిలో కానరారు. పటాల అమ్మకాలు పెరిగినంత మాత్రాన సంప్రదాయం నిలిచినట్లు నివేదికలలో చూపడం సరికాదు.

పెంబర్తిలో సమస్య వేరు. లక్కపై అమర్చిన ఇత్తడి రేకును ఉలితో కొట్టి రూపాలు తీర్చే ఈ పనికి దేవాలయాల తొడుగులు, జ్ఞాపికలు ప్రధాన ఆధారం. లోహం ధర పెరిగినప్పుడు పెట్టుబడి భారం పనివారిపైనే పడుతుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ తివాచీలకు నూలు ధర, యంత్రాల పోటీ ముఖ్యాంశాలు.

రామప్ప దేవాలయం 2021 జులై 25న ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. శాసనాధారాన్ని బట్టి దీని నిర్మాణం 1213 నాటిది. ఇక్కడి నాట్యశిల్పాలు, జాయప సేనాని నృత్తరత్నావళి ఆధారంగా డాక్టర్ నటరాజ రామకృష్ణ పేరిణిని పునరుద్ధరించారు. శిల్ప సంరక్షణ, నృత్య శిక్షణ, పర్యాటకం ఒకదానికొకటి ముడిపడిన సందర్భమిది.

జిల్లా ప్రణాళికా సంఘం తన జిల్లా పరిధిలోని ప్రణాళికలనే క్రోడీకరించగలదు. పొరుగు జిల్లాతో ఉమ్మడి ప్రణాళికకు 243 జెడ్‌డి అధికరణంలో ఏర్పాటు లేదు. కాబట్టి ఇటువంటి కళల విషయంలో సమన్వయం రాష్ట్ర స్థాయి నుండే జరగవలసి ఉంటుంది. ప్రతి కళకు సంబంధించి ముడిసరకు లభ్యత, నేర్చుకొంటున్న యువకుల సంఖ్య, కథల ధ్వనిముద్రణ, అమ్మకం మార్గాలను ముందుగా నమోదు చేయడం అవసరం. రెండేళ్లకొకసారి మాఘమాసంలో జరిగే మేడారం జాతర తేదీలు ముందే తెలుస్తాయి గనుక, పనివారికి రుణాలను జాతరకు కొన్ని నెలల ముందుగానే మంజూరు చేయవచ్చు.

భౌగోళిక గుర్తింపు నమోదు 10 సంవత్సరాలు మాత్రమే చెల్లుతుంది, తరువాత పునరుద్ధరించుకోవాలి. అంతేగాక, 1999 నాటి చట్టం ప్రకారం అధీకృత వినియోగదారుగా విడిగా నమోదైన ఉత్పత్తిదారుకే ఆ గుర్తును వాడుకొనే హక్కు ఉంటుంది. ఆ దరఖాస్తులను పూర్తిచేయించే పనిని జిల్లా పరిశ్రమల కేంద్రాలు ఇప్పుడే చేపట్టవచ్చు.