రైలు రాని ఊరు: నికోడెమస్ చిక్కిపోవడానికి అసలు కారణాలేమిటి?

అమెరికాలో కాన్సాస్ రాష్ట్రపు వాయవ్య భాగాన, గ్రాహం కౌంటీలో, సోలొమన్ నది దక్షిణ పాయకు దగ్గరగా నికోడెమస్ అనే ఊరుంది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ తేలినవారు 14 మంది. అంత చిన్న ఊరిని 1996లో అమెరికా ప్రభుత్వం జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. అంతర్యుద్ధం ముగిశాక, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి కుటుంబాలు పడమటి మైదానాల్లో నెలకొల్పుకున్న ఊళ్లు చాలావరకు పేరు కూడా మిగలకుండా పోయాయి. ఇది మిగిలింది.

నికోడెమస్ గురించి రాసినవారిలో ఎక్కువమంది ఒకే మాట చెబుతారు: 1888లో రైలు ఈ ఊరికి రాకుండా పక్కనుంచి వెళ్లిపోయింది, దాంతో ఊరు పడిపోయింది. చెప్పడానికి తేలికగా, వినడానికి బాధగా ఉండే కథ. అందుకే అది అంతగా వ్యాపించింది. అయితే జనాభా లెక్కలు, చుట్టుపక్కల ఊళ్ల సంగతులు కలిపి చూస్తే ఆ మాట సగమే నిలుస్తుంది. మిగతా సగం ఎక్కడుందో వెతకడమే ఈ వ్యాసం పని.

ముందు ఊరు ఎలా పుట్టిందో చూడాలి. 1877 వసంతంలో నికోడెమస్ టౌన్ కంపెనీ ఏర్పడింది. అధ్యక్షుడు డబ్ల్యూ.హెచ్. స్మిత్ నల్లజాతివాడు. కోశాధికారి డబ్ల్యూ.ఆర్. హిల్ తెల్లవాడు, భూముల వ్యాపారంలో ఆరితేరినవాడు. కౌంటీ కేంద్రమైన హిల్ సిటీకి ఇప్పటికీ ఇతని పేరే ఉంది. కంపెనీ కరపత్రాలు కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్, జార్జ్‌టౌన్ ప్రాంతాల చర్చిల్లో చేతులు మారాయి. సెప్టెంబరులో కాన్సాస్ వెళ్లదలచినవారు 5 డాలర్లు కట్టి పేరు నమోదు చేసుకోవచ్చన్నది వాటి సారాంశం. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు రాయించుకుని, ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చేస్తే ఆ నేల సొంతమవుతుంది. తరతరాలు పరాయివాడి పొలంలో చాకిరీ చేసిన మనిషికి ఆ 160 ఎకరాల మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అంతర్యుద్ధం తర్వాత దక్షిణాదిలో సైన్యం అండతో సాగిన పునర్నిర్మాణ యుగం 1877లో ముగిసింది, సైన్యం వెనక్కి వెళ్లింది, భయంతో నల్లవారు కాన్సాస్‌కు తరలారు అని చాలాచోట్ల చదువుతాం. 1879లో మిసిసిపీ, లూసియానాల నుంచి వేల సంఖ్యలో కదిలినవారి విషయంలో ఆ మాటకు బలముంది. ఆ వలస మీద చరిత్రకారిణి నెల్ అర్విన్ పెయింటర్ 1977లో రాసిన పుస్తకం నేటికీ ప్రామాణికం. కానీ నికోడెమస్ తొలి కుటుంబాలు అంతకు రెండేళ్లు ముందే బయల్దేరాయి, అదీ ఎక్కువగా కెంటకీ నుంచి. కెంటకీలో బానిసత్వం ఉన్నా అది అంతర్యుద్ధంలో యూనియన్‌ను వీడలేదు కాబట్టి పునర్నిర్మాణ సైనిక పాలన అక్కడ లేనే లేదు. జాతి హింస అక్కడా తక్కువేం కాదు. అయినా ఈ రెండు వలసలను ఒకే గాటన కట్టడం సరికాదు.

మరి వీళ్లను కదిలించింది భయమా, భూమి మీద ఆశా? పరిశోధకుల్లో భేదం ఉంది. కెనెత్ హామిల్టన్ 1991లో రాసిన గ్రంథంలో నల్లజాతి ఊళ్లను కూడా ఆ కాలపు తక్కిన ఊళ్లలాగే స్థలాల వ్యాపారంలో భాగంగా చూడాలన్నాడు. షార్లట్ హింగర్ 2016లో వెలువరించిన పుస్తకం ఊరి రాజకీయాన్ని ముందుకు తెచ్చింది. నా దృష్టిలో ఈ రెండూ పరస్పరం కొట్టేసుకునేవి కావు. హిల్ చూపు లాభం మీద ఉందనడానికి కరపత్రాలే సాక్ష్యం. వచ్చినవారు లాభం కోసం మాత్రమే రాలేదనడానికి వాళ్లు తర్వాత చేసిన పనులు సాక్ష్యం.

ఆ పనుల్లో మొదటిది ఆ తొలి చలికాలాన్ని దాటడం. 1877 సెప్టెంబరులో 300 మందికి పైగా ఎల్లిస్ అనే స్టేషన్‌లో దిగి, దాదాపు 35 మైళ్లు ఉత్తరంగా సాగి ఊరి చోటుకు చేరారు. చెట్లు లేవు, కలప లేదు, కాబట్టి ఇళ్లు లేవు. గట్లు తొలిచి, నేల తవ్వి, పైన గడ్డి, మట్టి కప్పి తలదాచుకున్నారు. కరపత్రం చెప్పిన ఊరు ఇదేనా అని హిల్ మీద మండిపడ్డవారున్నారు, వెనక్కి తిరిగి వెళ్లిపోయినవారూ ఉన్నారు. ఆ చలికాలంలో వేట ముగించుకుని పోతున్న ఓసేజ్ తెగవారు తిండి పంచి ఆదుకున్నారని ఊరివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు.

మరుసటి వసంతంలో జార్జ్‌టౌన్ నుంచి మరో గుంపు వచ్చింది. అందులో విలియానా హిక్‌మన్ ఉంది. ఎల్లిస్‌లో పిల్లలకు తట్టు సోకిందని, కొందరు అక్కడే చనిపోయారని ఆమె చెప్పింది. నికోడెమస్ దగ్గరికి వచ్చాక ఊరేదీ అని భర్తను అడిగితే, అతను నేలలోంచి లేస్తున్న పొగలు చూపించాడట. జనం బతుకుతున్నది ఆ పొగల కింద, భూమిలో. అది చూసి ఏడుపు ఆగలేదని చెప్పుకుంది. ఈ ఊరి మీద వచ్చిన దాదాపు ప్రతి రచనలోనూ ఈ ఘట్టం కనిపిస్తుంది. పరిశోధకులు గుర్తుంచుకోవలసింది, ఇది అచ్చయింది 1937లో, అంటే సంఘటన జరిగిన దాదాపు 60 ఏళ్లకు. అన్నేళ్ల తర్వాత మాటలు యథాతథంగా గుర్తుంటాయని నమ్మలేం. కానీ నేలను తొలిచిన ఇళ్ల సంగతి వేరే జ్ఞాపకాల్లోనూ ఉంది కాబట్టి ఆమె చెప్పిన విషయాన్ని అనుమానించవలసిన పని లేదు.

వీళ్లకు గుర్రాలు, నాగళ్లు చాలా తక్కువ. పారలు, గడ్డపారలతో తవ్వి విత్తనం వేసినవారున్నారు. అయినా 1880 నాటికి టౌన్‌షిప్‌లో, అంటే ఊరూ చుట్టుపక్కల పొలాలూ కలిసిన పాలనా విభాగంలో, వందల మంది స్థిరపడ్డారు. బడి, చర్చిలు, దుకాణాలు, జెడ్.టి. ఫ్లెచర్ నడిపిన తపాలా కార్యాలయం, హోటల్ వెలిశాయి. 1880లో గ్రాహం కౌంటీ ఏర్పడినప్పుడు తాత్కాలిక క్లర్కుగా గవర్నర్ నియమించింది నికోడెమస్‌కు చెందిన ఎడ్వర్డ్ పి. మెకేబ్‌ను. న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, షికాగో నుంచి ఇక్కడికి వచ్చిన ఈ నల్లజాతి యువకుడు 1882లో కాన్సాస్ రాష్ట్ర ఆడిటర్‌గా ఎన్నికై, 1884లో మళ్లీ గెలిచాడు. ఐదేళ్ల కింద మట్టి గుంతల్లో కాపురాలు పెట్టినవారి మధ్యనుంచి రాష్ట్రస్థాయి నాయకుడు రావడం మామూలు విషయం కాదు. రైలు కథ నీడలో ఈ భాగం మరుగున పడిపోయిందన్నది నా ఫిర్యాదు.

రైలు విషయానికొస్తే ఆధారాలు స్పష్టంగానే ఉన్నాయి. ఊళ్లో 1886లో వెస్టర్న్ సైక్లోన్, 1887లో నికోడెమస్ ఎంటర్‌ప్రైజ్ అనే పత్రికలు మొదలయ్యాయి. రెండూ రైలు రావాలని గట్టిగా రాశాయి. మిసోరి పసిఫిక్ కంపెనీని రప్పించడానికి 16,000 డాలర్ల బాండ్లు ఇద్దామని 1887లో టౌన్‌షిప్ ఓటర్లు తీర్మానించారు. ఆ కంపెనీ రాలేదు. యూనియన్ పసిఫిక్ వచ్చింది కానీ నదికి అవతలి ఒడ్డున, కొన్ని మైళ్ల దూరంలో పట్టాలు వేసింది. పనివాళ్ల మకాం ఉన్నచోట బోగ్ అనే కొత్త ఊరు లేచింది. నికోడెమస్ వర్తకులు ఒకరి వెంట ఒకరు అక్కడికి తరలిపోయారు. పత్రికలు ఆగిపోయాయి. ఇది ఊరికి గట్టి దెబ్బ, అందులో సందేహం లేదు. రైలు తప్పిపోవడాన్ని జాతి వివక్షకు రుజువుగా చెప్పేవారూ ఉన్నారు. ఆ కాలంలో రైలు కంపెనీల పోటీలో ఎన్నో తెల్లవారి ఊళ్లు కూడా ఇలాగే పక్కకు పడ్డాయి కాబట్టి, రైలు రాకపోవడం ఒక్కటే ఆ ఆరోపణకు సరిపోయే సాక్ష్యం కాదు.

అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. రైలే ఊరిని నిలిపేదైతే రైలు దక్కిన బోగ్ ఏమైంది? 2020లో దాని జనాభా 150కి అటూ ఇటూ. నికోడెమస్ కంటే మెరుగే, కానీ పట్నం అనిపించుకునే స్థాయి ఎప్పుడూ రాలేదు. కౌంటీ మొత్తాన్ని తీసుకుంటే 1910లో సుమారు 8,700 మంది ఉండేవారు. 2020లో 2,415. అంటే నల్లవారి ఊరు, తెల్లవారి ఊళ్లు, రైలున్నవి, లేనివి అన్నీ కలిసే చిక్కిపోయాయి.

కాలక్రమం కూడా ఇదే చెబుతుంది. వర్తకులు 1888లో పోయినా రైతులు పోలేదు. చుట్టూ ఉన్న పొలాల్లో సాగు దశాబ్దాల పాటు సాగింది. ఊరి జనం 76కు పడింది 1935లో, 16కు దిగింది 1950లో. రైలు దెబ్బకూ ఈ పతనానికీ మధ్య దాదాపు అర్ధ శతాబ్దం ఉంది. ఒక హెచ్చరిక మాత్రం చేయాలి: కొన్ని లెక్కలు ఊరివి, కొన్ని టౌన్‌షిప్ అంతటివి. వాటిని పక్కపక్కన పెట్టి శాతాలు తీయడం ప్రమాదం. అందుకే ఇక్కడ దిశను మాత్రమే చూస్తున్నాను.

ఆ నడిమి కాలంలో జరిగిందేమిటంటే కరువు, ధరల పతనం, ట్రాక్టరు. నికోడెమస్ 100వ రేఖాంశానికి కాస్త తూర్పున ఉంది. ఆ గీతకు అటూ ఇటూ ఏడాదికి 20 అంగుళాల వాన పడడమే గగనం, అంతకంటే తక్కువైతే నీటిపారుదల లేకుండా సేద్యం నమ్మకం కాదని భూగర్భ శాస్త్రవేత్త జాన్ వెస్లీ పావెల్ 1878లో ప్రభుత్వానికి నివేదించాడు. హిక్‌మన్ కుటుంబం బండి దిగింది కూడా అదే సంవత్సరం. తూర్పు రాష్ట్రాల తేమ నేలలో కుటుంబానికి సరిపోయే 160 ఎకరాలు ఇక్కడ చాలవు. 1930ల ధూళి తుఫానులు ఆ లెక్కను తేల్చేశాయి. యంత్రాలొచ్చాక కమతాలు పెరిగాయి, రైతులు తగ్గారు. 1953లో తపాలా కార్యాలయం మూతపడింది.

ఇంతవరకు నికోడెమస్ కష్టం పొరుగు ఊళ్ల కష్టమే. కానీ నల్లజాతి రైతుకు అదనంగా ఒక భారం ఉంది. దేశం మొత్తం మీద 1920లో 9 లక్షల 25 వేలకు పైగా ఉన్న నల్లజాతి రైతులు ఈనాడు 50 వేలకు లోపే. అప్పటి నిర్వచనం, ఇప్పటి నిర్వచనం ఒకటి కాకపోయినా తేడా అంత పెద్దది. వ్యవసాయ శాఖ అప్పుల్లో వివక్ష చూపిందని నల్లజాతి రైతులు వేసిన పిగ్‌ఫర్డ్ దావాలో 1999లో కోర్టు ఒప్పందాన్ని ఆమోదించింది. నికోడెమస్ సేద్యం తగ్గిపోవడాన్ని ఈ నేపథ్యం లేకుండా చదవడం అన్యాయం.

మరి ఊరు మాయం కాకుండా ఎలా మిగిలింది? దీనికి నాకు దొరికిన బలమైన ఆధారం ఏటా జరిగే హోమ్‌కమింగ్, అంటే ఊరికి తిరిగొచ్చే పండుగ. బ్రిటిష్ వారు 1834 ఆగస్టు 1న కరీబియన్ దీవుల్లో బానిసత్వాన్ని రద్దు చేసిన రోజును ఈ ఊరు విముక్తి దినంగా జరుపుకునేది. ఊళ్లో ఉండేవారు తగ్గుతున్నకొద్దీ అది జూలై చివర్లో బయటినుంచి వచ్చేవారి పండుగగా మారింది. డెన్వర్, కాలిఫోర్నియా, కాన్సాస్ సిటీల్లో స్థిరపడ్డ వంశస్థులు వందల మంది వస్తారు. వారిలో ఒకరైన ఆంజెలా బేట్స్ నికోడెమస్ హిస్టారికల్ సొసైటీని స్థాపించి, చారిత్రక స్థలం హోదా కోసం పట్టుబట్టి పనిచేశారు. ఊళ్లో ఉన్నవారిని మాత్రమే లెక్కపెట్టే జనగణన పట్టికకు ఈ బంధం అందదు.

ఇప్పుడు అక్కడ ఐదు పాత కట్టడాలు కాపాడుతున్నారు: రెండు చర్చిలు, ఫ్లెచర్ హోటల్, బడి, 1939లో సున్నపురాయితో కట్టిన టౌన్‌షిప్ హాలు. ఈ హాలే సందర్శకుల కేంద్రం.

డెన్వర్, కాన్సాస్ సిటీల మధ్య ఐ-70 హైవే మీద ప్రయాణించే తెలుగువారు ఇప్పుడు తక్కువేం కాదు. ఎల్లిస్ దగ్గర ఉత్తరానికి మళ్లితే గంట లోపు నికోడెమస్ చేరవచ్చు. వీలైతే జూలై చివరి వారాంతంలో వెళ్లండి. ఆ ఊరి చరిత్రను వంశస్థుల నోట వినే అవకాశం అప్పుడే ఉంటుంది.