గిలక దగ్గర కారిన చమురు



ఛందస్సు, వ్యాకరణం విడిచి ఈ తెలుగు పంతులు ఇంజన్ల మీద పడ్డాడేమిటని మీకు ఆశ్చర్యం కలుగవచ్చు. కారణమున్నది. మా మామగారికి 1972 నాటి అంబాసిడర్ ఒకటి ఉండేది. ఎక్కడ నిలిపినా అరచేయంత నల్లని మరక విడిచిగాని అది కదిలేది కాదు. "దాని స్వభావమే అంత" అని ఆయన సరిపెట్టుకొనేవారు. 1994 వేసవిలో మా అత్తగారికి ఆయాసం ఎక్కువై, మార్కాపురం నుండి గుంటూరు ఆసుపత్రికి రాత్రివేళ ఆ కారులోనే బయలుదేరాము. వినుకొండ చేరకమునుపే రేడియేటరు కుతకుతలాడి ఆవిరి చిమ్మింది. ముందువైపు గిలక దగ్గర కారిన నూనె ఫ్యాను బెల్టుకు పట్టి, బెల్టు జారి, నీటిపంపు మందగించి, ఇంజను ఉడికిపోయింది. దారి పక్కన పశువుల తొట్టిలోని నీళ్ళు మోసి, బెల్టును పంచె చెంగుతో తుడిచి, ఆగి ఆగి తెల్లవారుజామునకు గుంటూరు చేరాము. అత్తగారు కోలుకొన్నారు. కాని ఆ రాత్రి వెనుకసీటులో ఆమె ఊపిరి చప్పుడు వింటూ కూర్చున్న నాకు "స్వభావం" అన్న మాట మీద నమ్మకం పోయింది. ఆ మరక పుట్టుపూర్వోత్తరాలు వెదకడం అప్పటినుంచి మొదలైంది.

గిలక అని నేననేది మెకానిక్కులు క్రాంక్ పుల్లీ అనేదానిని. పిస్టన్ల ఎగుడుదిగుడు నడకను గుండ్రని తిరుగుడుగా మార్చే క్రాంక్‌షాఫ్ట్ ముందుకొస ఇంజను పెట్టెలోనుంచి ఒక రంధ్రం గుండా బయటికి వస్తుంది. దానికి తొడిగినదే ఈ గిలక. లోపల వేడి నూనె చిమ్ముతూ ఉంటుంది, బయట గాలి, దుమ్ము. నడుమనున్న ఇరుసు తిరుగుతూనే ఉండాలి, నూనె మాత్రం గడప దాటరాదు. బిరడా బిగిస్తే ఇరుసు తిరగదు, వదులు చేస్తే నూనె నిలవదు. చిక్కంతా ఇందులో ఉన్నది.

ఇది మోటారుబండితో పుట్టిన చిక్కు కాదు. ఎడ్లబండి ఇరుసుకు పూసే కందెన మనవారందరూ ఎఱిగినదే. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసేవారు. పల్చని నూనె నిలవదని తెలిసి దానిని చిక్కబరచిన ఉపాయమది. కందెన కారితే మళ్ళీ పూసేవారు, అంతే. నిమిషానికి వేల చుట్లు తిరిగే ఇరుసుకు ఆ వెసులుబాటు లేదు.

తొలితరం ఇంజన్లలో ఈ గడప దగ్గర కావలి కాసినవి ఒత్తిన ఉన్ని, తోలు. ఉన్ని కట్టును నూనెలో బాగా నానబెట్టి ఇరుసు చుట్టూ కూర్చేవారు. దానికి ముందు పళ్ళెంవంటి ఒక రేకు ఉండేది. ఇరుసుతోపాటు తిరుగుతూ, తనమీద పడిన నూనెను అంచులకు విసిరికొట్టడం దాని పని. విసరగా మిగిలిన దానిని మాత్రమే ఉన్ని ఆపవలె. జర్మనీలోని వైన్‌హైమ్ పట్టణంలో 1849 నుండి ఫ్రాయిడెన్‌బెర్గ్ వారి తోళ్ళ కర్మాగారం ఉండేది. 1929 ఆర్థికమాంద్యంలో తోలుకు గిరాకీ పడిపోగా వారు తోలుతో యంత్రాలకు సీళ్ళు చేయడానికి పూనుకొన్నారు. అక్కడ పనిచేసిన వాల్టర్ జిమ్మర్ అనే ఆస్ట్రియా ఇంజనీరు పేరనే, లోహపు గూడులో తోలు పెదవి అమర్చిన ఉంగరం 1930ల తొలినాళ్ళలో "జిమ్మరింగ్"గా బజారుకెక్కింది. కొన్నేళ్ళకే తోలు స్థానంలో కృత్రిమ రబ్బరు వచ్చింది. నేడు ఏ మెకానిక్కు షెడ్డులోనైనా "ఆయిల్ సీల్" అని అడిగితే చేతిలో పెట్టేది ఆ వంశపుదే. చెప్పుల తోలుకు గిరాకీ తగ్గిన పుణ్యాన కార్లకు కావలివాడు దొరికాడన్నమాట.

ఇక మా అంబాసిడర్ సంగతి. దాని 1489 సి.సి. ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్. 1959 నుండి అంబాసిడర్‌కు దీనిని అమర్చారు. ఇది పందెపు కుదురుకు చెందినదని తెలిసినప్పుడు మా మామగారు నవ్వాపుకోలేకపోయారు. 1955 జూన్‌లో ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెానికి ఎం.జి. సంస్థ ఇ.ఎక్స్.182 అనే పేరుతో మూడు కార్లు పంపింది. మూడింటిలోనూ ఉన్నది పదునుపెట్టిన ఈ 1489 సి.సి. ఇంజనే. ఒక కారు ప్రమాదానికి గురైంది. తక్కిన రెండూ 12వ, 17వ స్థానాలలో పందెం ముగించాయి. ఎనభైమందికి పైగా ప్రాణాలు పోయిన ఆ దుర్దినాన ఈ స్థానాలను పట్టించుకొన్నవారు తక్కువ. నాకు మాత్రం వేరొక లెక్క తోస్తుంది. నిమిషానికి 5000 చుట్లు చొప్పున 24 గంటలకు 72 లక్షల చుట్లు. అన్ని చుట్లూ గిలక దగ్గరి ఆ సన్నని గడప నూనెను ఆపవలె. ఆనాటి నిబంధనల ప్రకారం నిర్ణీతమైన చుట్లు పూర్తికాక నూనె తిరిగి పోయరాదు. మూతకు అధికారులు సీసపు ముద్ర వేసేవారు. సామాన్యుడి కారు నూనె కారిస్తే ముంగిలి పాడవుతుంది, పందెపు కారు కారిస్తే పందెమే పోతుంది. ఆ నూనె వెనుకవాని చక్రాల కింద పడితే ప్రాణమూ పోవచ్చు.

ఆ కుదురు ఇంజన్లకు వెనుకకొసన తొలుత సీలే లేదు. ఇరుసు మీద మరచుట్టువంటి గాడి కోసి విడిచారు. ఇరుసు తిరిగినంతసేపూ ఆ మర నూనెను లోపలికి తోడుతుంది, ఆగితే తోడడమూ ఆగుతుంది, అప్పుడు చుక్క రాలుతుంది. నిలిపిన చోటల్లా మరక ఎందుకో తెలిసిందిగదా! 1964 చివర ఐదు బేరింగుల ఇంజను వచ్చినప్పుడుగాని వెనుక రబ్బరు సీలు పెట్టలేదు. ముందువైపు మాత్రం ఉన్నికట్టుతో మొదలై రబ్బరు పెదవి ముందుగానే వచ్చింది.

గుంటూరు నుండి తిరిగివచ్చాక ఒక షెడ్డులో మూడుమార్లు ముందు సీలు మార్పించాము. మూడుమార్లూ నెలలోపే కారింది. నాలుగోమారు విజయవాడ ఆటోనగర్‌లో ఒక ముసలి ఫిట్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన సీలును చూడనే లేదు. మొదట నూనె పోసే మూత తీసి, ఇంజను నడుపుతూ, ఆ రంధ్రం మీద అరచేయి పెట్టాడు. పిస్టను రింగులు అరిగితే మండిన వాయువు కిందికి జారి పెట్టెలో ఒత్తిడి పెంచుతుంది, ఊపిరిగొట్టం పూడితే ఆ ఒత్తిడికి గిలక దగ్గరి కంత తప్ప వేరే దారి ఉండదు. మా కారులో ఊపిరిగొట్టం సగం పూడి ఉన్నది. తరువాత గిలక విప్పి దాని మెడమీద గోటితో గీసి చూపాడు. గోరు ఆగింది. మెత్తని రబ్బరు పెదవి, దానిలో ఇరుక్కొన్న దుమ్ము కలిసి ఉక్కును గాడి కోసివేశాయి. బావి ఒరమీది రాతిని కొబ్బరితాడు కోసినట్లే. గాడిపడిన మెడకు ఎన్ని కొత్త సీళ్ళు తొడిగి ఏం లాభం? దానికి బహు పలుచని ఉక్కుతొడుగు వేస్తారు, లేదా సీలును కాస్త లోతుమార్చి కొత్తచోట ఆనేట్లు కూర్చుతారు. ఆయన రెండవది చేశాడు.

అసలు తప్పు ఇంకొకటి. టైమింగు మూతను ముందే బిగించి తరువాత గిలక తొడిగేవారట మునుపటివారు. మూత బోల్టుల రంధ్రాలలో వెసులుబాటు ఉంటుంది. ముందు వదులుగా పెట్టి, గిలక మెడను నూనె రాసి సీలులోనికి దూర్చి, మూతను దాని చుట్టూ సమంగా కుదురుకోనిచ్చి, అప్పుడు బోల్టులు బిగించవలె. లేకుంటే ఒకపక్క ఒరుసుకొని, రెండవపక్క వదులై, సీలు పుట్టుకతోనే కుంటిదవుతుంది. పందెపు ఇంజన్లు కట్టేవారూ ఈ క్రమమే పాటిస్తారని తరువాత చదివాను. గిలకలోని తాళపు గాడి వెంట లోలోపలగా నూనె పాకి వస్తుందని వారు అక్కడ కూడా కొద్దిగా సీలెంటు రాస్తారు. బయటికి అది సీలు తప్పుగానే కనబడుతుంది!

ఆ తరువాతి పందెపు ఇంజన్లు ఈ చిక్కును తలక్రిందులు చేశాయి. 1967 జూన్‌లో జిమ్ క్లార్క్‌కు డచ్ గ్రాండ్ ప్రీలో తొలిపందెంలోనే గెలుపు తెచ్చిన కాస్‌వర్త్ డి.ఎఫ్.వి. వంటి ఇంజన్లలో నూనె అడుగుతొట్టిలో నిలవదు. పంపులు దానిని తోడి వేరే తొట్టికి చేరుస్తాయి. నూనెతోపాటు గాలినీ పీలుస్తాయి గనుక పెట్టెలో ఒత్తిడి తగ్గుతుంది. కొన్ని డ్రాగ్ పందెపు ఇంజన్లకైతే గాలి తోడడానికే ప్రత్యేకంగా పంపు పెడతారు. అప్పుడు నూనె బయటికి రావడం మాట అటుంచి, బయటిగాలే సీలును దాటి లోపలికి దూరుతుంది. అందుకని ముందు సీలు పెదవిని బయటివైపుకు తిప్పి కూర్చేవారున్నారు. సామాన్యపు ఇంజనులో అలా తిప్పితే ఆ రోజే కారుతుంది.

ముసలి ఫిట్టరు పని చేశాక మా కారు ముందువైపు ఒక చుక్క రాలలేదు. వెనుకవైపు మర తన పద్ధతి మానలేదు. 2003లో కారు అమ్మేదాకా మామగారు దాని కింద ఒక పాత సత్తుపళ్ళెం పెట్టేవారు.