గ్రేవ్స్

డాక్టరు చీటీలో ‘గ్రేవ్స్’ అని చూసి, సమాధులు గుర్తొచ్చి బెదిరిపోయేవాళ్లున్నారు. అది ఒక థైరాయిడ్ జబ్బు పేరు; ఒక వైద్యుడి ఇంటిపేరు మీద వచ్చింది. మెడ వాపు, గుండెదడ ఉన్న స్త్రీల గురించి డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్ 1835లో రాశాడు. 1840లో మెర్సెబర్గ్ వైద్యుడు బాసెడో ఆ రెంటితోపాటు పొడుచుకొచ్చిన కళ్లనూ కలిపి వర్ణించాడు; జర్మనీలో నేటికీ అది బాసెడో జబ్బే. ఇంగ్లండులో కేలబ్ ప్యారీ అనే వైద్యుడు అంతకుముందే దాన్ని గమనించాడు. ఆయన రాత 1825లో, చనిపోయాక అచ్చయింది. పేరు మాత్రం దక్కలేదు, అది అన్యాయమే.

మనకు ‘మిడిగుడ్లు’ అనే మాటుంది, ఎక్కువగా వెక్కిరింతకే. ఆ మాట పడేవాళ్లలో కొందరికి ఈ గ్రేవ్స్ జబ్బే ఉంటుంది: రోగనిరోధక వ్యవస్థ దారితప్పడంతో కంటి వెనక కండరాలు, కొవ్వు వాచి గుడ్డును ముందుకు నెడతాయి. పొగతాగితే ఇంకా ముదురుతుంది.