అతుకులోనే అసలు బలం

రోమ్‌లోని ఫ్లమీనియో పేటలో పలాజెట్టో దెల్లో స్పోర్ట్ అనే గుండ్రటి క్రీడామందిరం ఉంది. 1960 ఒలింపిక్స్ కోసం 1956-57లో కట్టారు. వాస్తుశిల్పి అన్నిబాలే విటెల్లొజ్జి, ఇంజనీరు పియెర్ లుయీజి నెర్వి. లోపలికెళ్లి తలెత్తితే సుమారు 60 మీటర్ల వ్యాసమున్న గుమ్మటం, మధ్యలో ఒక్క స్తంభమూ లేకుండా! కాంక్రీటు పక్కటెముకలు ఒకదాన్నొకటి దాటుకుంటూ మెలికల ముగ్గులా పరుచుకుని ఉంటాయి.

ఆ గుమ్మటాన్ని 1,620 ముక్కలుగా నేల మీదే తయారుచేసి, పైకెత్తి పేర్చారు.

ఎందుకలా? స్లాబ్ వేయించిన ఎవరికైనా సెంట్రింగ్ ఖర్చు తెలుసు. ఇక వంపు తిరిగిన గుమ్మటానికి చెక్క సెంట్రింగ్ అంటే కాంక్రీటు కన్నా వడ్రంగం పనికే ఎక్కువ పోయాలి. పైగా ఈ పద్ధతి రూపుదిద్దుకున్న రోజుల్లో ముస్సోలినీ కాలపు స్వయంసమృద్ధి విధానం వల్ల ఇటలీలో ఉక్కుకూ కలపకూ కటకట ఉండేది. నెర్వి ఇంజనీరే కాదు, కాంట్రాక్టరు కూడా. గీసిన గీతకయ్యే ఖర్చు తానే భరించాలి. ఆయన ప్రతిభకు ఈ ఇబ్బందే సానపట్టిందని నా నమ్మకం.

ముక్కలుగా పోసి కలిపే పద్ధతిలో ఎవరికైనా వచ్చే మొదటి అనుమానం అతుకు గురించే. దానికి జవాబు రెండో ప్రపంచ యుద్ధంలో దొరికింది. ఇటలీ వైమానిక దళం కోసం నెర్వి కట్టిన విమానాల షెడ్లలో కొన్నిటి పైకప్పు ప్రీకాస్ట్, అంటే ముందే పోసిపెట్టిన ముక్కలదే. చువ్వలను వెల్డింగ్ చేసి, సందుల్లో కాంక్రీటు నింపారు. 1944లో వెనుదిరుగుతున్న జర్మన్ సేనలు వాటిని పేల్చేశాయి. అంత ఎత్తు నుంచి కప్పులు కూలినా అతుకుల్లో చాలా భాగం ఊడలేదు. తన జీవితకృషి నేలకూలినందుకు బాధ ఎంతున్నా, ఇంతకు మించిన పరీక్ష ఏ ప్రయోగశాలా పెట్టలేదు.

పలాజెట్టోలో ఆయన ఆ అతుకునే నిర్మాణానికి ఎముకగా మార్చాడు. సన్నటి తీగల వల పొరల్లో సిమెంటు గచ్చు దట్టించి చేసే ఫెర్రోసిమెంట్‌తో రెండున్నర సెంటీమీటర్ల మందమున్న పళ్లేలు పోశారు. గుమ్మటం గుండ్రన కాబట్టి, ఒక వరుసలో పనికొచ్చిన అచ్చునే చుట్టూ మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. పళ్లేలను పరంజా మీద పేర్చాక వాటి మధ్య మిగిలిన కాలువల్లో చువ్వలు పరిచి కాంక్రీటు పోశారు, పైన కూడా ఒక పొర వేశారు. కాలువలే పక్కటెముకలయ్యాయి. ముక్కలన్నీ ఒకే శరీరమయ్యాయి. సెంట్రింగ్ విప్పే పనే లేదు, పళ్లెమే సెంట్రింగ్. గుమ్మటం బయటికి నెట్టే బలాన్ని వాలుగా నిలిపిన 36 వై ఆకారపు స్తంభాలు నేలలోని ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు వలయానికి చేరవేస్తాయి.

పక్కనే ఉన్న ఫ్లమీనియో స్టేడియాన్ని నెర్వి, కొడుకు ఆంటోనియోతో కలిసి 1959కి పూర్తిచేశాడు. చట్రాలు అక్కడికక్కడే పోసినవి, ప్రేక్షకులు కూర్చునే మెట్లు మాత్రం ప్రీకాస్ట్. ఒలింపిక్ ఫుట్‌బాల్ ఫైనల్ ఇక్కడే జరిగింది. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో ఆ ఒలింపిక్స్‌కు వెళ్లిన మన జట్టు, సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం హంగరీపై గోల్ కొట్టినా, గ్రూపు దశ దాటలేదు.

నేటి పెద్ద స్టేడియాల మెట్లు చాలావరకు, అహ్మదాబాద్ మొతేరా స్టేడియంతో సహా, ప్రీకాస్టే. అయితే ఇక్కడ అతుకు లెక్క తిరగబడింది. బారులు తీరిన మెట్లు ఎండకు సాగుతాయి, చలికి ముడుచుకుంటాయి. అందుకే ఏటవాలు దూలాల మీద రబ్బరు దిండ్లు వేసి మెట్లను కూర్చోబెడతారు, మధ్య సందు వదిలి సీలెంట్‌తో మూస్తారు. ఆ సీలెంట్ పాడైతే నీళ్లు కిందికి దిగి చువ్వలను తినేస్తాయి. వేలమంది ఒకే లయలో గెంతినప్పుడు మెట్టు ఊగిపోకుండా చూసుకోవడం మరో లెక్క.

2011 దాకా ఇటలీ రగ్బీ జట్టు ఆడిన ఫ్లమీనియో ఆ తర్వాత పాడుబడింది. 2017లో గెట్టీ ఫౌండేషన్ ఇచ్చిన నిధులతో రోమ్‌లోని సపియెంజా విశ్వవిద్యాలయం దాని పరిరక్షణకు అధ్యయనం చేపట్టింది. ఆ మెట్ల మీద మళ్లీ జనం కూర్చోవాలి.