నమోదుకాని దెబ్బలు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతితో దూసుకువచ్చే ప్రత్యర్థిని ఒంటితో ఢీకొని పడగొట్టే ఆటగాళ్లలో లైన్‌బ్యాకర్ ముఖ్యుడు. జూనియర్ సేయావు ఆ స్థానంలో 1990 నుండి 2009 వరకు 20 సీజన్లు ఆడారు. వాటిలో 13 శాన్ డియాగో ఛార్జర్స్ జట్టుకే. అంతకాలం నిలిచినవారు బహు అరుదు.

2012 మే 2న, 43వ యేట, ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. కుటుంబం ఆయన మెదడును పరిశోధనకు అప్పగించింది. 2013 జనవరిలో ఫలితం వెలువడింది: పదేపదే తగిలిన దెబ్బలవల్ల టౌ అనే ప్రోటీన్ పేరుకుని మెదడు కణాలు క్షీణించే వ్యాధి, సి.టి.ఇ. అదే ఆత్మహత్యకు కారణమని వైద్యశాస్త్రం తేల్చి చెప్పలేదు. మీరూ ఆ తొందరపాటుకు లోనుకావద్దు.

అయితే ఒక్క విషయం గమనించండి. జట్లు ప్రకటించిన గాయాల జాబితాల్లో ఆయన పేరిట కంకషన్ ఒక్కటీ నమోదుకాలేదు. స్పృహ తప్పించే దెబ్బనే మనం దెబ్బగా లెక్కిస్తాం. లెక్కకురాని చిన్న అదుర్లు వేలల్లో ఉంటాయి. హెల్మెట్ కపాలాన్ని కాపాడుతుంది గాని, లోపల మెదడు కుదుపును ఆపజాలదు. ఇక ఈ వ్యాధిని నిశ్చయంగా నిర్ధారించేది మరణానంతరం, సూక్ష్మదర్శిని కిందనే.

2015లో ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను చేర్చుకున్నది. స్వీకరించడానికి ఆయన లేరు.