భోగాపుర ప్రాంతమున బంధుగృహయాత్రలు

కులచరిత్రములు వ్రాయు పెద్దలు గోత్రములను, గృహనామములను, దానశాసనములను విస్తరించి వ్రాయుట మనలో ఆచారమై యున్నది. అట్టి కృషికి మేము విముఖులము కాము. కాని యొక యింటి బిడ్డలు తమ వారెవరో యెరుగుట శాసనములవలన గాదు; తాతగారి యింటికి, మేనమామ యింటికి, పెత్తల్లి యింటికి పోయి, అచట నాలుగు దినములుండి, వారి పంక్తిని భుజించుటవలన. ఆ పయనములకును చరిత్ర కలదు. అవి యే దారిని సాగెనో, ఏ ఋతువున సాగెనో, నేడేల సన్నగిల్లెనో విచారించుటయే యీ వ్యాసమునకు విషయము.

పాణిని మహర్షి తాత, మేనమామ, పినతండ్రి యను అర్థములుగల శబ్దములకై యొక సూత్రమునే ప్రత్యేకించెను. ఐనను మన తెలుగువారి ‘వావి’కి సరితూగు మాట సంస్కృతమున లేదని మా యభిప్రాయము. మేనమామ కూతును, మేనత్త కూతును పెండ్లాడుట దాక్షిణాత్యుల యాచారమని బౌధాయనుడు తన ధర్మసూత్రమున పేర్కొనియున్నాడు. కావుననే యుత్తరదేశీయులకు మేనమామ యిల్లు చుట్టపుటిల్లు మాత్రమే. మనకది రేపటి యత్తవారిల్లును గావచ్చును. అచటికి బిడ్డలను గొనిపోవుటలో ముద్దు ముచ్చట యెంత కలదో, పెద్దల యాలోచనయు నంత కలదు.

భోగాపురము సముద్రమునకు దవ్వు గాదు. ఉత్తరమున చంపావతి కోనాడయొద్దను, దక్షిణమున గోస్తని భీమునిపట్టణమునొద్దను కడలి గలియుచున్నవి. ఈ రెండు నదుల నడిమి నేల యిసుకపర్రలు, తాటితోపులు, కొబ్బరి, జీడిమామిడి తోటలు. మదరాసునుండి కలకత్తాకు బోవు పెద్దబాట యీ గ్రామము మీదుగనే పోవును. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపురినుండి పరివారముతో కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. తిరుగుప్రయాణమున పురి, గంజాము, శ్రీకాకుళముల మీదుగా ఈ తీరదేశమునే దాటిరి. సత్రములు, ఏటిరేవులు, బోయీలు, కావళ్లు లేనిదే నాడు పయనము లేదు.

కలిగినవారికి మేనా, తక్కినవారికి గూడుబండి. బండిలో వరిగడ్డి దట్టముగ పరచి, పైన బొంత వేసి, నడుమ పిల్లలను గూర్చుండబెట్టి, క్రింద కిరసనాయిలు లాంతరు వ్రేలగట్టి, వేసవిలోనైన రాత్రివేళనే తోలుచుండిరి. వానకాలమున ఏరులు పొంగి బండ్లు నిలిచిపోవును. పుష్యమాసమునకు పంట యిల్లు చేరి, ఎద్దులకు తీరిక గలిగి, ఏటినీరు తీయును. సంక్రాంతికి చుట్టములు వచ్చుటకు శాస్త్రము చెప్పు కారణ మొకటియైన, బండి చెప్పు కారణ మిది. దసరా వెళ్లిన మంగళవారమున విజయనగరములో జరుగు పైడితల్లియమ్మవారి సిరిమానుత్సవమునకు మాత్రము బాట యెట్లున్నను పిల్లలను గొనిపోకుండ నిలుచువారు లేరు. పోవునపుడు మూటలో అరిసెలు, వచ్చునపుడు భీమాలి తాండ్ర. ఈ లెక్క తప్పిన నాడు ఆడువారి మధ్య మాటపట్టింపు తప్పెడిది కాదు.

బెజవాడనుండి కటకమువరకు తూర్పుతీరపు రైలుమార్గము 1893–96 నడుమ వేయబడెను. అది విజయనగరము మీదుగ పోయెనేగాని భోగాపురమునకు రాలేదు. ఐనను దానివలన మన కుటుంబములు దూరదేశములకు వ్యాపించెను. 1902లో వాల్తేరునుండి యుత్తరపు భాగము బెంగాలు–నాగపూరు రైల్వేవారి వశమయ్యెను. పిమ్మట ఖరగ్‌పూరున కర్మాగారము వెలసెను. అచటికిని, టాటావారి జంషెడ్‌పూరునకును ఉత్తరాంధ్రమునుండి వేలకొలది జనము పోయి స్థిరపడిరి. రైలు కొలువువారికి పాసులుండుటచే వారి బిడ్డలు వేసవి సెలవులకు విజయనగరమున దిగి, అచటినుండి బండినో బస్సునో యెక్కి వచ్చుచుండిరి. వారు హిందియు, బంగాళియు కలిపి మాటలాడుచుండగా మన పల్లెల గుంటలు నోళ్లు తెరచి వినెడివారు. పాసు లేనివారికి అరటిక్కెట్టు దిక్కు. పండ్రెండేండ్లు నిండిన బాలుడు రైలుబండిలో మాత్రము పదునొకండవ యేటనే యుండుట అందరెరిగిన వింతయే. 2016 ఏప్రిలునుండి, పడక కోరిన బిడ్డకు పూర్తి రుసుము చెల్లింపవలసి వచ్చినది.

రంగము పోయినవారి కథ వేరు. భీమునిపట్టణము, కళింగపట్టణము మొదలగు రేవులనుండి పొగయోడలెక్కి బర్మాకు పోయినవారిని అచటివారు ‘కొరంగీ’లనిరి. పోయినవారిలో పురుషులే హెచ్చు. ఆలుబిడ్డలిచటనే యుండిరి. కావున ఆ యిండ్లలో బిడ్డలు చుట్టములను జూడబోవుట గాక, తండ్రియే మూడేండ్లకో నాలుగేండ్లకో చుట్టమువలె వచ్చి పోవుచుండెను. 1941 డిసెంబరు 23న రంగముపై బాంబులు పడినపిమ్మట పెక్కుమంది అడవులలో కాలినడకను బయలుదేరిరి. అందరును ఇల్లు చేరలేదు. 1960 తరువాతి సంవత్సరములలో మరల వచ్చినవారికై యేర్పడిన ‘బర్మా క్యాంపు’ పేరు విశాఖపట్టణమున నేటికిని నిలిచియున్నది.

1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు బరంపురము, పర్లాకిమిడి అవతలి వైపు పోయెను. అత్తవారు ఒకవైపు, పుట్టినింటివారు వేరొకవైపు నైరి. నోట తెలుగు, పలకమీద ఒడియ లిపి గల మేనబావలను మన బిడ్డలెందరో యెరుగుదురు.

ఇంతవరకు చదివి, పూర్వమంతయు బంగారుకాలమని మురియువారుండవచ్చును. మేమట్లు తలపము. కోడలు పుట్టింటికి పోవలెనన్న అత్తగారి సెలవు కావలెను. అన్నదమ్ములు వచ్చి పిలువవలెను. పిలువనిదే పోయిన లోకువ. ఎనిమిదేండ్ల బాలికను మేనత్త యింటికి గొనిపోవుట కొన్ని యెడల చూపులకేగాని ఆటలకు గాదు. 1930 ఏప్రిలునుండి అమలైన శారదా చట్టము బాలికకు పదునాలుగేండ్ల మితి విధించినను, ఆ చూపులు వెంటనే నిలువలేదు. బంధుప్రీతి పేర జరిగిన యా పనిని కూడ చరిత్రయందు వ్రాసికొనుటయే ధర్మము.

మేము ఉపాధ్యాయవృత్తిలోనున్న కాలమున ప్రతివత్సరము సంక్రాంతి సెలవుల పిమ్మట, ‘మీ మేనమామగారి యూరికి దారి వ్రాయుము’ అని బాలురకు వ్యాసమిచ్చుచుంటిమి. తొలినాళ్ల బాలురు చెరువుగట్టును, జంటతాళ్లను, వంకరవేపను వ్రాసిరి. పిమ్మటివారు నాతవలస కూడలిని, బస్సు మారుటను వ్రాసిరి. తుదినాళ్లలో నొక బాలుడు, ‘నాన్న ఎక్కించును, నాన్న దింపును’ అని రెండే వాక్యములు వ్రాసెను. అందు తప్పు పట్టుటకేమియు లేదు, వానికి మార్కులిచ్చితిమి.

ఇపుడు వేరొక మార్పు. అల్లూరి సీతారామరాజు పేర నిర్మింప దలపెట్టిన విమానాశ్రయమునకు 2023 మే 3వ తేదీన భోగాపురమున శంకుస్థాపన జరిగినది. అందుకై మరడపాలెము, ముడసర్లపేట, బొల్లింకలపాలెము, రెల్లిపేట యను పల్లెలు ఖాళీ యయ్యెను. అచటి కుటుంబములు పునరావాస కాలనీలకు తరలెను. విమానాశ్రయము వలదని మేమనము. మన బిడ్డలు అమెరికాయందును ఉన్నారు, వారు మనుమలతో వచ్చుటకు అది యుపకరించును. కాని మనుమడు దిగిన చోటునుండి తాతగారి పాతయిల్లు చూపుమన్న, చూపుటకు నేల యున్నది గాని యిల్లు లేదు, వీధి లేదు, నుయ్యి లేదు. ఇరుగుపొరుగులు కాలనీలో మారిరి. ఎవరి గుమ్మమునుండి ఎవరి గుమ్మమునకు పిల్లలు పరువెత్తిరో చెప్పగలవారు ముదుసళ్లు మాత్రమే.

కావున మేమును, మా పూర్వవిద్యార్థులు కొందరును గూడి, ఖాళీయైన పల్లె కొక్కొక్క పుస్తకము తెరచితిమి. ఏ యింటి ప్రక్క ఏ యిల్లుండెనో, ఆ యింటి యాడుబిడ్డల నే యూరి కిచ్చిరో, ఆ యూరికి బండి యే దారిని పోయెడిదో అందు వ్రాసికొనుచున్నాము. పొలముల గట్లు మగవారు చెప్పుదురు. దారులును వావులును ఆడువారే యెరుగుదురు. ఈ మహాసభకు విచ్చేయు ఆ పల్లెల అవ్వలను, అమ్మమ్మలను వెంటబెట్టుకొని రావలసినదిగ ప్రార్థన. పుస్తకములు మండపమున తూర్పుదిక్కు బల్లమీద నుండును. వారు చెప్పిన చాలును, వ్రాయుటకు బాలురను మేము కూర్చుండబెట్టెదము.